నీళ్ళలో మెత్తబడ్డ లోహం

బొగ్గును కాల్చి, మిగిలిన బూడిదను తూచడం నా ఉద్యోగం. మందమర్రి దగ్గర ఒక గనుల కాలనీలో, రెండు గదుల ప్రయోగశాలలో, అరవైల నడుమ కొన్నేళ్ళు ఆ పని చేశాను. ఒక గదిలో త్రాసు, గాజు సామాను. రెండో గదిలో కరెంటు కొలిమి. అదొక పెద్ద ఇనుప పెట్టె. ముందు చిన్న తలుపు, లోపల మట్టి గూడు. బొగ్గు పొడిని పింగాణీ మూకుళ్ళలో పోసి ఆ గూట్లో పెడితే మండేదంతా మండిపోయి బూడిద మిగిలేది. కొలిమి పక్కన గోడకు ఒక మీటరు, దాని ముల్లు లోపలి వేడిని చూపేది. ఎంత వేడిలో పెడితే అంతలోనే గంటల తరబడి నిలకడగా ఉండే కొలిమి ఆ చుట్టుపక్కల అదొక్కటే.

నేను సుల్తానాబాద్ పిల్లను. మా అబ్బాకు, అంటే నాన్నకు, అక్కడ బట్టల దుకాణం. నన్ను హైదరాబాదు పంపి సైన్సు చదివించినందుకు చుట్టాలు ఆయన్ను చాలా మాటలన్నారు. అవి పట్టించుకోని మనిషి కూడా, తీరా ఉద్యోగం అనేసరికి వెనకాడాడు. అప్పుడు మా అమ్మకు అన్న, గనుల వర్క్‌షాపులో కొలిమి పని చూసే పెద్ద కమ్మరి, పొద్దున్నే బస్సు దిగి వచ్చి దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

"నా ఇంట్ల ఉంటది. నాతోని పనికొస్తది, నాతోని ఇంటికొస్తది. నీకేం ఫికర్?" అన్నాడు.

అలా నేను ఆ మేనమామ, మా మామూ, ఇంటికి చేరాను. వర్క్‌షాపులో అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారు. ఇంట్లో మేము దక్కనీ ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళం గాని, ఆయనకు పనికి సంబంధించిన మాటలన్నీ తెలుగులోనే వచ్చేవి. కరీంనగర్ వైపు ఒక పల్లెలో, ఒక కమ్మరి దగ్గర పని నేర్చుకున్నాడట. కోపమొస్తే దక్కనీ, ఇనుము గురించయితే తెలుగు. ఇక్కడ మా ఇంటి మాటలు కూడా తెలుగులోనే చెబుతున్నాను.

ఆయనకు తెలిసిన ఇనుము ఒకే న్యాయానికి కట్టుబడి ఉండేది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టి పడుతుంది. మళ్ళీ వేడి చేస్తే ఆ గట్టితనం కొంచెం కొంచెంగా దిగిపోతుంది. గనిలోకి పోయే ప్రతి గడ్డపార మొన, ప్రతి ఉలి ఆ న్యాయం మీదే ఆయన చేతిలో తయారయ్యేది. పుస్తకాల్లో నేను చదివింది కూడా అదే. అందుకే ఆ తర్వాత జరిగినదానికి ఆయనా నేనూ ఒక్కలాగే నోరు తెరిచాం.

మా కాలనీకీ, గనిలో నీళ్ళు తోడే పంపులకూ కరెంటు ఇచ్చేది ఒక ఆవిరి టర్బయిను. అది హద్దు మీరి తిరగబోతే ఆవిరిని ఒక్క దెబ్బకు ఆపే వాల్వు ఒకటుంటుంది. ఆ వాల్వును మూసేది లోపలున్న స్ప్రింగు. ఏళ్ళ తరబడి ఆవిరి వేడిలో ఉడికి ఆ స్ప్రింగు కుంగిపోయింది. నొక్కితే తిరిగి లేవదు. అలాంటి స్ప్రింగుతో టర్బయినును నడపడం ప్రాణాలతో చెలగాటమని ఇంజనీరు మిషను ఆపించాడు. పక్కనే ఉన్న చిన్న మిషను ఇచ్చే కరెంటు పంపులకే సరిపోయేది. కాలనీకి మిగిలింది ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. ఇళ్ళలో లాంతర్లు వెలిగాయి. నల్లాల దగ్గర బిందెల వరుసలు పెరిగాయి. మామూ భార్య, మా మామీ, తెల్లవారకముందే పోయి బిందె వరుసలో పెట్టి వచ్చేది.

కొత్త స్ప్రింగు సముద్రం దాటి రావాలి. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మామూ మంచి ఉక్కుతో ఒకటి చుట్టి ఇచ్చాడు. పెట్టి చూస్తే కొన్నాళ్ళకే అదీ కుంగింది. ఇంకొకటి చేశాడు. అదీ అంతే. ఆ రెండో స్ప్రింగును ఇంటికి తెచ్చి, అన్నం తింటూ పక్కన పెట్టుకుని చూస్తూ ఉండిపోయిన ఆయన మొహం నాకిప్పటికీ గుర్తు.

"ఉక్కుల ఏం తక్కువ లేదు. దాన్ని తీస్కపోయి మళ్ళ పొయ్యిల పెడ్తున్నరు. మెత్తబడక ఏం చేస్తది?" అన్నాడు.

ఇంజనీరు కోస్తా మనిషి. విదేశాల్లో చదివి, అక్కడ విమానాల ఇంజన్లు చేసే చోట కొన్నాళ్ళు పని చేసి వచ్చాడు. సన్నగా ఉండేవాడు, మాట మెత్తన. ఒక రోజు పొద్దున ఆయన హైదరాబాదు నుంచి గోనెపట్టా చుట్టిన కట్టతో జీపు దిగి నేరుగా వర్క్‌షాపుకు వచ్చాడు. నన్నూ పిలిపించాడు. కట్ట విప్పితే మూడు కడ్డీలు. పెన్సిలంత లావు, మనిషి చేతులు చాచినంత పొడవు. వెండికీ ఉక్కుకీ మధ్య రంగు. ఎవరో మిత్రుడి దగ్గర మిగిలిపోయినవట.

"ఇది ఇనుము కాదు ఉస్తాద్ గారూ," అన్నాడు. "ఎక్కువ భాగం నికెల్. క్రోమియం కలిసింది. కొంచెం అల్యూమినియం, కొంచెం టైటానియం. మన ఆవిరి వేడి దీన్ని ఏమీ చేయలేదు. కాకపోతే ఇప్పుడిది గట్టిపడిన స్థితిలో ఉంది, చుట్టడానికి వంగదు. ముందు మెత్తబరచాలి. బాగా కాల్చి నీళ్ళలో ముంచండి."

మామూ ఆయన వంక చూసి, నా వంక చూశాడు.

"సాబ్, ఉల్టా చెప్పిండ్రు. నీళ్ళల్ల ముంచితే గట్టి పడ్తది."

"ఇది మెత్తబడుతుంది."

"మరి మళ్ళ గట్టి పడేదెట్ల?"

"ఓ మాదిరి వేడిలో పెట్టి, దాని మానాన దాన్ని వదిలేస్తే. దానంతట అదే గట్టిపడుతుంది. ఈ అమ్మాయి కొలిమి అందుకు సరిగ్గా సరిపోతుంది."

చుట్టూ నిలబడ్డ పనివాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. నేనూ లోపల అదే చేశాను. మామూ మాత్రం నవ్వలేదు. కడ్డీని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, చివర దాగలి మీద కొట్టి దాని మోత విన్నాడు. "చూద్దాం పట్టుండ్రి," అన్నాడు.

ఇంజనీరు ఇంకో మాట చెప్పాడు. ఈ లోహానికి గంధకం పడదు. గనిలో దొరికే రాక్షసి బొగ్గులో గంధకం ఉంటుంది కాబట్టి దాని మంటలో కాల్చకూడదు, కట్టెబొగ్గు కావాలి. నేలంతా తవ్వి బొగ్గు తీసే ఊళ్ళో ఆ పని మొదలుపెట్టడానికి బొగ్గు లేకపోయింది. మామీ తన అంగీఠీ కుంపటి కోసం దాచుకున్న కట్టెబొగ్గు బుట్టెడు ఇచ్చింది. మిగతాది ఉట్నూర్ వైపు నుంచి వచ్చే లారీలో రెండు బస్తాలు తెప్పించారు.

మొదటి కడ్డీని మామూ మామూలుగానే కాల్చాడు. ఉక్కు అయితే పిండిలా సాగే ఎరుపు వచ్చాక చివర మీద సుత్తె వేశాడు. సుత్తె ఎగిరి వచ్చింది. ఆయన కనుబొమలు లేచాయి. అంత ఎర్రగా కాలి కూడా ఆ లోహం లొంగలేదు. ఇంకా కాల్చమన్నాడు ఇంజనీరు. గాలి పెంచారు. కడ్డీ చివర ఎరుపు దాటి, పసుపు దాటి, పాల రంగుకు వస్తున్నట్టు నాకు కనబడుతూనే ఉంది. ఉస్తాద్‌కు తెలియదా అనుకుని ఊరుకున్నాను. ఉన్నట్టుండి నిప్పురవ్వలు చిమ్మాయి. బయటికి లాగేసరికి కడ్డీ చివర తడిసిన బెల్లంలా విరిగి నేల మీద రాలింది.

మిగిలిన ముక్క స్ప్రింగుకు చాలదన్నాడు ఇంజనీరు. "గాలి ఎక్కువైంది," అని మామూ పటకారు కింద పెట్టాడు. ఆ రోజుకు పని ఆపేశారు.

ఇంటికి నడిచి వస్తుంటే, కాలనీ మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"గాలి ఎక్కువ కాలే బేటీ," అన్నాడు. "నాకు రంగు కనవడలే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది. మంట దిక్కు చూస్తే చుట్టూ పొగ మంచు లెక్క. ఎరుపు దెలుస్తది. దాని మీది రంగులన్నీ ఒక్కటే తీరు. కొలిమి దిక్కు చూసీ చూసీ కండ్ల మీద పొర కమ్మింది."

"మరి ఇన్నాళ్ళు ఎట్ల చేసినవ్ మామూ?"

"ఇనుమైతే చెయ్యి చెప్తది. సుత్తె దెబ్బ పడంగనే ఎంత వేడి ఉన్నదో చేతికి దెలుస్తది. గిది కొత్తది. నా చేతికి దీని ముచ్చట తెల్వది." మళ్ళీ నడుస్తూ, "మీ మామీకి గూడ చెప్పలే," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "దాస్తే ఉన్న కడ్డీలు గూడ ఖరాబైతయ్. రేపు పొద్దుగాల సాబ్‌కు నేనే చెప్త."

చెప్పాడు. ఇంజనీరు గది గుమ్మం దగ్గర నిలబడి, తలపాగా చేతిలో పట్టుకుని, "సాబ్, నా కండ్లు పోతున్నయ్," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంజనీరు లేచి వచ్చి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. హైదరాబాదు ఆసుపత్రిలో తనకు తెలిసిన కంటి డాక్టరు ఉన్నాడనీ, పొర తీయించుకోవచ్చనీ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "రంగులు మీరు చెప్పండి. పని ఆయన చేస్తారు."

ఆ పూటంతా మామూ నాకు రంగులు నేర్పాడు. పాత ఉక్కు ముక్కను కొలిమిలో పెట్టి, "ఇప్పుడేం కనవడ్తుంది?" అని అడిగేవాడు. నేను "ఎరుపు" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఏం ఎరుపు? ఎండు మిరపకాయా, దానిమ్మ గింజా, మోదుగు పువ్వా?" దానిమ్మ గింజ దాటితే మోదుగు పువ్వు. అది దాటితే తంగేడు పువ్వు. తంగేడు దాటి పాలరంగుకు పోతే లోహం చచ్చినట్టే. "మనకు కావల్సింది తంగేడు. మొగ్గ గాదు, పొద్దున విచ్చిన పువ్వు," అన్నాడు. ఆయన కళ్ళలో ఆ రంగులు లేవు. మాటల్లో మాత్రం ఒక్కటీ చెదరలేదు. ఏళ్ళ తరబడి మీటరు ముల్లు చూసి వేడి రాసుకున్నదాన్ని, నేను ఆ రోజే మొదటిసారి వేడిని చూశాను.

అంత పొడవు నా కొలిమి గూట్లో పట్టదు కాబట్టి, మిగిలిన రెండు కడ్డీల కోసం ఇటుకలతో ఒక పొడవాటి పొయ్యి కట్టారు. కడ్డీ అంతా ఒకేసారి కాలాలి కాబట్టి గాలి గొట్టానికి వరసగా రంధ్రాలు పెట్టారు. దాని పక్కనే నీళ్ళ తొట్టి. మామూ ఒక చివర పటకారుతో నిలబడ్డాడు. నేను మధ్యలో, కొంగు చెవుల వెనక్కి బిగించి కట్టుకుని నిలబడ్డాను. మొహం మాడిపోతోంది.

"చెప్పు బేటీ."

"దానిమ్మ గింజ. నీ దిక్కు ఇంకా ఎండు మిరప."

ఆయన కడ్డీని నావైపు జరిపేవాడు. నిప్పులు ఎగదోసేవాడు.

"మోదుగు... అంతటా మోదుగు."

"మధ్యల?"

"మధ్యల తంగేడు మొదలైంది. అటు చివర రాలే. జర లాగు. ఆఁ... ఇప్పుడు అంతటా ఒక్కటే. తంగేడు మామూ, మొత్తం తంగేడు!"

కొంచెంసేపు అలాగే పట్టమన్నాడు ఇంజనీరు. లోపలిదంతా కరగాలి అన్నాడు. గట్టిగా నిలిచి ఉన్న కడ్డీలో ఏం కరుగుతుందో నాకు బోధపడలేదు. ఆయన చెయ్యి ఎత్తగానే మామూ ఒక్క ఊపులో కడ్డీని తొట్టిలో పడేశాడు. నీళ్ళు కుతకుతలాడి ఆవిరి లేచింది.

చల్లారాక మామూ కడ్డీని తీసి, మోకాలికి అడ్డంగా పెట్టి రెండు చేతులతో వంచాడు. అంతకుముందు ఇద్దరు మనుషులు పట్టినా వంగని కడ్డీ అది. అది వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది. మళ్ళీ సాపు చేశాడు. మళ్ళీ వంచాడు. పనివాళ్ళలో ఒక ముసలాయన దగ్గరికొచ్చి కడ్డీని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"యా అల్లా," అన్నాడు మామూ చివరికి. "నీళ్ళల్ల మునిగి మైనమైంది."

లేతు మిషను మీద రెండు స్ప్రింగులు చుట్టారు. ఒకటి వాల్వుకు, ఒకటి అట్టిపెట్టుకోవడానికి. చూడ్డానికి స్ప్రింగులే. చేత్తో నొక్కితే మాత్రం నొక్కిన చోటే ఉండిపోయేవి. మిగిలిన తునకలను ఇంజనీరు పరీక్ష కోసం పక్కన పెట్టాడు.

ఇక నా వంతు. బొగ్గులు కాల్చీ కాల్చీ నా కొలిమి గూటికి గంధకం వాసన పట్టి ఉంది. దాన్ని తుడిచి, తలుపు ఓరగా తీసి, ఒక దినమంతా వట్టిగానే కాల్చాను. వాసన పోయాక, ఒక పొద్దున స్ప్రింగులనూ రెండు తునకలనూ లోపల పెట్టి తలుపు వేశాను. మీటరు ముల్లు మెల్లగా లేచి, ఇంజనీరు చెప్పిన గీత దగ్గర ఆగింది. తలుపుకున్న అద్దపు కంత లోంచి చూస్తే లోపల దానిమ్మ గింజ రంగు. ఇక చేయాల్సిందేమీ లేదు, కూర్చోవడమే.

మామూకు ఆ కూర్చోవడం నచ్చలేదు. కొలిమి పని అంటే చెయ్యీ చెమటా. ఇక్కడ సుత్తె లేదు, నీళ్ళు లేవు. ఎర్రటి గూట్లో నాలుగు వస్తువులు కదలకుండా ఉన్నాయి. మధ్యమధ్య లేచి కంతకు కన్ను ఆనించి వచ్చేవాడు. ఆయనకు ఏం కనబడేదో తెలియదు.

"లోపట ఏమైతున్నది సాబ్?" అని అడిగాడు.

ఇంజనీరు స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను గాని, ఆ పూట విన్నంత తేటగా ఎక్కడా చదవలేదు.

"మీ ఇంట్లో చక్కెర పాకం పడతారు కదా. సలసల కాగుతుంటే ఎంత చక్కెరైనా కరిగిపోతుంది. చల్లారాక, కరిగినదంతా అందులో ఇమడలేదు. నిదానంగా పలుకులు కడుతుంది. ఈ లోహమూ అంతే. మీరు తంగేడు పువ్వు రంగుకు తెచ్చినప్పుడు అల్యూమినియం, టైటానియం నికెల్‌లో పూర్తిగా కరిగిపోయాయి. నీళ్ళలో పడేశారు. పలుకు కట్టే వ్యవధి లేక, కరిగినవి కరిగినట్టే చిక్కుకుపోయాయి. అందుకే మెత్తగా ఉంది. ఇప్పుడు ఈ వేడిలో వాటికి కాస్త కదిలే వీలు దొరికింది. కదిలి, నికెల్‌తో జత కడుతున్నాయి. మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం పరమాణువు, కొన్ని చోట్ల టైటానియం పరమాణువు. లెక్క తప్పదు. ఎవరి చోటు వారిదే."

"గట్టి లోహంల కదులుతయా?" అన్నాను. చదువుకున్నదాన్నే, అయినా అడిగాను.

"కదులుతాయి. బయటికి ఏమీ కనబడదు. రంగు మారదు, ఆకారం మారదు. లోపల మాత్రం లెక్కపెట్టలేనన్ని పలుకులు పుడుతున్నాయి. ఎంత చిన్నవంటే మీ ప్రయోగశాలలో ఉన్న ఏ భూతద్దానికీ అందవు. లోహం వంగడమంటే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారడం. ఆ జారుడుకు ఈ పలుకులు అడుగడుగునా అడ్డం పడతాయి."

మామూ కొలిమి వైపు తిరిగాడు. "అయితే ఇంకో రెండు దినాలు పెడితే ఇంకా గట్టి పడ్తది గదా?"

"పడదు. ఎక్కువసేపు ఉంచితే పెద్ద పలుకులు చిన్నవాటిని తినేసి ఇంకా పెద్దవవుతాయి. పలుకులు తగ్గిపోతాయి, మధ్య సందులు పెరుగుతాయి. మళ్ళీ మెత్తదనం వస్తుంది. ఇంకో వింత చెప్పనా? ఆ పలుకులు వేడికి మెత్తబడవు. ఒక హద్దు దాకా, వేడెక్కే కొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఎందుకని అడిగితే నాకూ సరిగ్గా తెలియదు. పెద్దపెద్దవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు."

వేడెక్కే కొద్దీ బిగుసుకునేది. ఆ మాటను నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. మామీ చాయ్ పంపింది. అది తాగుతున్నామో లేదో, కొలిమి గుయ్యిమనడం ఆగిపోయింది. కరెంటు పోయింది.

మీటరు ముల్లు దిగడం మొదలైంది. నేను తలుపు సందులకు బూడిద కూరాను, కప్పడానికి గోనెపట్టాలు తెచ్చాను. మామూ పరేషానై గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఉక్కు పనిలో నడుమ వేడి తప్పితే మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. "చెయ్యంగ చెయ్యంగ ఇప్పుడు పాయె! కడ్డీలు గూడ లెవ్వు సాబ్," అన్నాడు.

ఇంజనీరు చాయ్ గ్లాసు కూడా కింద పెట్టలేదు. "ఏమీ కాదు ఉస్తాద్ గారూ. పుట్టిన పలుకులు ఎక్కడికీ పోవు. చల్లబడితే కదలకుండా అలాగే ఉంటాయి. మళ్ళీ వేడి అందగానే ఆగిన చోటి నుంచి మొదలుపెడతాయి."

"గింత ఓపికనా దానికి!" అన్నాడు మామూ.

పొద్దు వాలేవేళకు కరెంటు వచ్చింది. కొలిమి మళ్ళీ గుయ్యిమంది. రాత్రి డ్యూటీకి వచ్చిన పనివాడికి కొలిమిని అప్పగించి మేము ఇంటికి వెళ్ళాం. మామూ అన్నం ముందు కూర్చుని మామీకి తన కళ్ళ సంగతి చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముద్ద ఆపి, "రెండేండ్ల సంది కూరల ఉప్పు తక్కువైందని కొట్లాడుతవ్, కండ్లు తక్కువైనయని చెప్పవా?" అని తిట్టింది. తర్వాత లేచి లాంతరు వత్తి పెద్దది చేసి ఆయన దగ్గరగా పెట్టింది.

మర్నాడు పొద్దున మేము వెళ్ళేసరికి కొలిమి ఆపి ఉంది. తలుపు తీశాను. స్ప్రింగుల మీద పల్చటి నల్లటి పొర తప్ప ఏ తేడా లేదు. ఏమీ జరగలేదేమో అనుకున్నాను. ఇంజనీరు ఒక తునకను మామూ చేతికిచ్చి, "వంచండి," అన్నాడు.

మామూ దాన్ని బిగింపులో పెట్టి, ఇనుప గొట్టం తొడిగి లాగాడు. తునక కొంచెం వంగింది. వదలగానే టంగుమని వెనక్కి కొట్టి నిటారుగా నిలబడింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ లేచింది. బలమంతా పెట్టాడు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. వదిలాడు. అది లేచింది. మొన్న మోకాలి మీద మైనంలా వంగిన లోహమే. దానికి ఎవరూ ఏమీ కలపలేదు, ఎవరూ సుత్తె వేయలేదు. మూసిన తలుపు వెనక, ఎర్రటి చీకట్లో, తనంతట తాను అలా తయారైంది.

మామూ తునకను బిగింపులోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "నలభై ఏండ్లు కొట్టి కొట్టి గట్టి చేసిన," అన్నాడు మెల్లగా. "గిది కూసోని గట్టి పడ్డది."

ఆయన గొంతులో ఓటమి లేదు. పసిపిల్ల మొదటిసారి అడుగు వేస్తే చూసినవాళ్ళ గొంతు అలా ఉంటుంది. నేను స్ప్రింగును నొక్కాను. నా అరచేతిని అది వెనక్కి తోసింది. లోపల కంటికి ఆనని పలుకులు కోట్లకు కోట్లు, ఒక్కొక్కటీ తన వరుసలో నిలబడి, నా చేతిని తోస్తున్నాయని అనుకున్నాను. నికెల్, అల్యూమినియం అన్న పేర్లు నేను ఎన్నిసార్లు పరీక్షల్లో రాశానో. అవి ఇలాంటివని ఏ పరీక్షలోనూ నాకు తెలియలేదు.

ఆ వారంలోనే స్ప్రింగును వాల్వులో పెట్టారు. ఆవిరి వదిలి, టర్బయినును కావాలని హద్దు దాటించి చూశారు. వాల్వు ఒక్క దెబ్బకు మూసుకుంది. ఆ చప్పుడు ప్రయోగశాల దాకా వినిపించింది. మర్నాడు మధ్యాహ్నం కాలనీ నల్లాలన్నిట్లో ఒకేసారి నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు నల్లా కట్టేయడం మరిచి మాట్లాడుకుంటుంటే నీళ్ళు వీధి వెంట పారాయి. కొన్నాళ్ళకు వాల్వు విప్పి చూశారు. స్ప్రింగు కుంగలేదు. నేను పెళ్ళయి కరీంనగర్ వెళ్ళేదాకా ఏటా విప్పి చూశారు, అదే పొడవు. అట్టిపెట్టిన రెండోది స్టోరులో అలాగే ఉండిపోయింది.

మామూను ఇంజనీరే హైదరాబాదు ఆసుపత్రికి పంపించాడు. నేను, మామీ తోడు వెళ్ళాం. పొర తీసి రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదల్చకుండా పడుకోబెట్టారు. అంత పని మనిషి, అన్ని రోజులు కదలకుండా ఎలా పడుకుంటాడోనని మేము భయపడ్డాం. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పక్క మంచం మీది రోగికి రోజూ ఆ లోహం కథే చెప్పేవాడు. విన్న మనిషి నమ్మలేదు. "నమ్మకు. నేను గూడ నమ్మలే," అనేవాడు మామూ.

కట్టు విప్పి, సీసా అడుగంత మందం అద్దాలు పెట్టిన పొద్దున మేము మంచం పక్కనే ఉన్నాం. ఆయన ముందు కిటికీ వైపు చూశాడు. నన్ను చూసి చేయి పట్టుకున్నాడు. తర్వాత మామీ వైపు తిరిగి అలాగే చూస్తూ ఉండిపోయాడు. అద్దాల వెనక ఆ కళ్ళు చాలా పెద్దవిగా కనబడ్డాయి.

"నీ ఎంటికలు గింత తెల్లగెప్పుడైనయే?" అన్నాడు.

"నీకు కనవడనన్ని దినాలు నల్లగనే ఉండె," అంది మామీ, కొంగుతో ఆయన అద్దాల మీది మరక తుడుస్తూ.